రెండు రిజిస్టర్లలో మా తమ్ముడు

మా తమ్ముడి పేరు రెండు రిజిస్టర్లలో ఉంది. ఒకటి మా ఊరి బడి హాజరుపట్టీ. రెండోది పట్నంలో ఒక పెద్దాసుపత్రి ఓపీ పుస్తకం. వాడు మూడో తరగతిలోనే బడి మానేసి నాన్న వెంట పీతలకు పోయాడు. అయినా ఐదో తరగతి దాకా పట్టీలో వాడి పేరు నడిచింది. పెద్దయ్యాక మనసు జబ్బు చేసి ఆసుపత్రికి నాలుగు నెలలు వెళ్ళాడు. అక్కడి లెక్కలో వాడు నాలుగుసార్లు చూపించుకున్న రోగి. ఐదో నెల ఎందుకు రాలేదో రాసుకోవడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

నేను ఎస్జీటీ టీచర్ని. డీఎడ్ చదివి ఉద్యోగంలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని పేర్లు పిలవడం, లెక్క రాయడం. అందుకేనేమో, మా తమ్ముడి జబ్బు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు రిజిస్టరే గుర్తొస్తుంది. ఎవరిని లెక్కపెడుతున్నాం? ఏం లెక్కపెడుతున్నాం? ఏది వదిలేస్తున్నాం? ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించే.

మాది నిజాంపట్నం దగ్గర ఒక యానాది కాలనీ. హార్బరు ఒకవైపు, మడ అడవి ఒకవైపు, మధ్యలో కనుచూపు మేర రొయ్యల చెరువులు. కొందరు పీతలు పడతారు, కొందరు కాలువల్లో చేపలు పడతారు, కోతలప్పుడు పొలాల్లో ఎలకల బుట్టలు పెడతారు. మిగతావాళ్ళు చెరువుల మీద కాపలా. కాపలా అంటే పగలూ రాత్రీ గట్టు మీదే. ముందు కొంత అడ్వాన్సు ఇస్తారు, అది తీరేదాకా గట్టు దిగడం ఉండదు.

తమ్ముడికి జబ్బు మొదలైంది ఆ గట్టు మీదే. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు. రాత్రిళ్ళు ఎవరో పిలుస్తున్నారని చెరువు చుట్టూ తిరిగేవాడు. అన్నంలో మందు కలిపారని తినేవాడు కాదు. "గాలి సోకింది" అన్నారు మావాళ్ళు. తాయెత్తు కట్టించాం. ఒక దర్గాకు తీసుకెళ్ళి మూడు వారాలు నిద్ర చేయించాం. చదువుకున్న నేను కూడా అందరితోపాటే వెళ్ళాను. "పిచ్చాసుపత్రికి తీసుకెళ్దాం" అనే మాట నా నోటి నుంచి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ తప్పులో సగం నాది.

ఆసుపత్రి మాత్రలు పనిచేశాయి. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది అవి పనిచేయవనుకుంటారు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది, మాటలు వినబడటం తగ్గింది. రెండో నెలకు అన్నం అడిగి తిన్నాడు. కానీ చేతులు బిగుసుకుపోయాయి. మండపీతను పట్టాలంటే వెనకనుంచి వేళ్ళు చురుగ్గా పడాలి, లేకపోతే అది డెక్కతో వేలు కొరికేస్తుంది. వాడికి రెండుసార్లు కరిచింది. "మందు నా చేతులు తినేస్తంది అక్కా" అన్నాడు. ఆ బిగుతుకు వేరే మాత్ర ఉంటుందని, మోతాదు తగ్గించి చూడొచ్చని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో డాక్టరు గారు అడిగింది "మాటలు వినబడుతున్నాయా? నిద్ర పడుతోందా?" అని. మేం "లేదు సార్, పడుతోంది సార్" అన్నాం. రెండు జవాబులూ నిజమే. పీతల సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

అయిదో నెలలో వాడు మానేశాడు. ఎందుకు మానేశాడని అడిగితే ఒక్క కారణం చెప్పలేను. పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు. తోడు వచ్చేవాళ్ళకూ ఆ రోజు కూలి పోతుంది. ఒకసారి వెళ్తే "ఆ మాత్ర అయిపోయింది, వచ్చేవారం రండి" అన్నారు. చేతుల బిగుతు సరేసరి. "తగ్గింది కదా, ఇంకా ఎందుకు?" అని ఇంట్లో అందరం అనుకున్నాం కూడా. మూడు నెలలకు జబ్బు తిరగబెట్టింది. రాత్రిళ్ళు లేచి సముద్రం వైపు నడిచిపోయేవాడు. ఒకసారి మడ అడవిలో నడుములోతు బురదలో దొరికాడు. ఆ తర్వాత పదకొండు రాత్రులు అమ్మా నేనూ వాణ్ణి మంచానికి వల తాడుతో కట్టాం. వాడు నావైపే చూస్తూ పడుకునేవాడు. ఒక్కసారి కూడా "వదులు" అనలేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు రేగి, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మనసు జబ్బు మనుషులు చనిపోయారు. గొలుసులున్నందుకే పారిపోలేకపోయారు. ఆ వార్త చదివిన రోజు, కట్టేసినవాళ్ళను మనసులో తిట్టుకున్నాను. తర్వాత అదే పని నేనూ చేశాను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మనసు జబ్బున్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని చెబుతోంది. మంచి చట్టం. అయితే తాడు పట్టుకున్న కుటుంబం చేతికి తాడు బదులు ఏం అందిందన్నది కూడా ఎవరో ఒకరు చూడాలి కదా.

ఆ మధ్య ఒక సమావేశంలో ఒక అధికారి ఆ ఏడాది మానసిక ఆరోగ్య సేవల లెక్క చదివారు. ఎన్ని క్యాంపులు పెట్టారు, ఎంతమందికి ఓపీ చూశారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు. అబద్ధాలేమీ కావు. ఆ అంకెల వెనక పని ఉంది, ఆ పని చేసిన మనుషులున్నారు. కానీ వింటుంటే నాకు మా బడిలో పాత రోజులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు మేమూ ఇలాగే చెప్పేవాళ్ళం: ఇన్ని బడులు, ఇంతమంది టీచర్లు, ఇంత శాతం నమోదు. 2005లో ప్రథమ్ సంస్థ 'అసర్' అనే సర్వే మొదలుపెట్టింది. వాళ్ళు బడికి కాక పిల్లల ఇళ్ళకు వెళ్ళి, రెండో తరగతి స్థాయి చిన్న పాఠం చేతిలో పెట్టి "చదువమ్మా" అన్నారు. అయిదో తరగతి పిల్లల్లో చాలామంది చదవలేకపోయారు. టీచర్లుగా మాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. కానీ ఆ తర్వాత నమోదు ఒక్కటే చూపించి గొప్పలు చెప్పడం కష్టమైంది.

మనసు వైద్యానికీ అలాంటి ప్రశ్న కావాలి. ఎంతమంది వచ్చారన్నది నమోదు. ఎంతమంది బాగుపడి తమ పనికి తిరిగి వెళ్ళారన్నది చదవగలగడం.

దీన్ని లెక్కగట్టే ఒక పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 1978లో తనహాషి అనే పరిశోధకుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆరోగ్య సేవను ఆయన మెట్లుగా విడగొట్టారు. మొదటి మెట్టు, సేవ అసలు ఉందా. రెండోది, మనిషి అక్కడికి చేరగలడా. మూడోది, ఆ సేవ అతనికి సమ్మతమైన తీరులో ఉందా. నాలుగోది, అతను దాన్ని వాడుకున్నాడా. అయిదోది, దానివల్ల మేలు జరిగిందా. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోతారు. ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తే బాగుచేయాల్సింది ఎక్కడో తెలుస్తుంది. కాలువ నీళ్ళు చివరి మడికి రాకపోతే రైతు గట్టు వెంట నడిచి గండి ఎక్కడుందో చూస్తాడు. ఇదీ అంతే.

మా తమ్ముణ్ణి ఈ మెట్ల మీద నిలబెట్టి చూశాను. సేవ ఉంది. చేరడం కష్టం, అయినా నాలుగుసార్లు చేరాడు. వాడుకున్నాడు. మేలు సగం జరిగింది. వాడు జారింది రెండు చోట్ల. ఒకటి దూరం, రెండోది చేతులు. ఓపీ సంఖ్యలో ఈ రెండూ కనబడవు.

దేశం మొత్తం సంగతి చూద్దాం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. కర్ణాటకలోని బళ్ళారిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి నేర్పితే పల్లెల్లోనే చాలావరకు చూడొచ్చని చేసి చూపించారు. 1996లో జిల్లా కార్యక్రమాన్ని నాలుగు జిల్లాలతో ప్రారంభించారు. అందులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు జాతీయ సర్వే చేశారు. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా అప్పటికి ఏదో ఒక మనసు జబ్బుతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివాళ్ళే. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన పక్కన తమిళనాడు ఉంది, ఛత్తీస్‌గఢ్ ఉంది. మనం ఆ అంకెల్లో మన ముఖం వెతుక్కుంటాం గానీ అందులో మన ఇల్లు లేదు.

లెక్కలో ఇంకో చిక్కు భాష. ఇంటింటి ఆరోగ్య సర్వే ఫారంలో ఇప్పుడు మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ ఆనందం గానీ తగ్గిందా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ప్రపంచమంతా వాడుతున్న ప్రశ్నలే. మా కాలనీలో అమ్మను ఇవి అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "ఆసక్తి అంటే ఏంది తల్లీ?" అంది అమ్మ. తర్వాత నవ్వి, "మాకెందుకు దిగులు, దేవుడిచ్చింది తింటన్నాం" అంది. రెండు ప్రశ్నలకూ సున్నా పడింది.

కానీ మా అమ్మ సంగతి నాకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మా ఒడ్డునూ వదల్లేదు. అమ్మకు అప్పటికి కొత్తగా పెళ్ళయింది. ఈ రోజుకీ రాత్రిపూట గాలి హోరుమంటే అమ్మ పడుకోదు. గుమ్మంలో కూర్చుని తెల్లవారేదాకా నీళ్ళ వైపు చూస్తుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చాక మరీ ఎక్కువైంది. ఉప్పెన తర్వాత శవాలను లెక్కపెట్టారు, పశువులను, ఇళ్ళను, పడవలను లెక్కపెట్టారు. అమ్మ నిద్ర ఏ లెక్కలోకీ రాలేదు. "గాలేస్తే నిద్రపడతదా పెద్దమ్మా?" అని ఎవరైనా అడిగి ఉంటే ఒక్క ప్రశ్నకే అంతా చెప్పేది.

జింబాబ్వే దేశంలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు ఈ పని చేశారు. అక్కడి షోనా భాషలో దిగులు జబ్బును 'కుఫుంగిసిస' అంటారు, అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ బాధల తీరులోనే ముందే తయారై ఉన్న 14 ప్రశ్నల పట్టికను ఆయన వాడుకున్నారు. ఆసుపత్రి ఆవరణలో చెట్ల కింద బెంచీలు వేసి, ఊళ్ళోని అవ్వలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. మామూలు పద్ధతి కన్నా అక్కడ మేలు ఎక్కువగా జరిగిందని 2016లో అచ్చయిన పరిశోధన చూపించింది. అవ్వలు మనకు లేరా? మాటలు మనకు లేవా? గుండె దడ, ఒళ్ళంతా పీకుడు, తల బరువు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఇవన్నీ మనవాళ్ళు రోజూ చెప్పే మాటలే. ఈ మాటలతో ప్రశ్నలు తయారు చేయగలిగేది మనమే. బయటనుంచి వచ్చినవాళ్ళు చేయలేరు.

ఇక్కడ యువకులకు ఒక మాట చెప్పాలి. లెక్క అంటే మనవాళ్ళకు భయం. ఆ భయానికి కారణం ఉంది. నేరస్తుల జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాజ్యంలోనూ అమలైంది. ఎరుకల అన్నదమ్ములను, మా యానాదుల్లో కొందరిని పేరు పేరునా రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించారు. మన బాపట్ల పక్కనే ఉన్న స్టూవర్టుపురం ఆ కాలంలో పుట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టం నుంచి పోయింది గానీ మనుషుల చూపులోంచి పూర్తిగా పోలేదు. అలాంటి జనం దగ్గరకు పుస్తకం పట్టుకుని వెళ్ళి "మీ ఇంట్లో పిచ్చోళ్ళున్నారా?" అంటే తలుపు వేసుకుంటారు. వేసుకోవాలి కూడా.

అందుకే లెక్క మనం చేసినా దానికి కట్టుబాట్లు ఉండాలి. నేను రెండేళ్ళుగా ఒక నోటుబుక్కు రాస్తున్నాను. అందులో పేర్లు లేవు. ఇల్లు చెప్పే గుర్తులూ లేవు. తమ్ముడితో కలిపి మా చుట్టుపక్కల నాకు తెలిసినవాళ్ళు ఐదుగురు, వాళ్ళో వాళ్ళ ఇంటివాళ్ళో సరేనన్నాకే రాశాను. ఒక్కొక్కరికి ఒక పేజీ. ప్రతి నెలా ఆరు ప్రశ్నలు అడుగుతాను.

ఈ నెల మందు దొరికిందా? దానికోసం ఎన్ని బస్సులు ఎక్కారు, ఎన్ని కూళ్ళు పోయాయి? అక్కడ మర్యాదగా మాట్లాడారా? మందు వల్ల ఏదైనా ఇబ్బంది ఉందా, అది డాక్టరుకు చెప్పారా? ఈ నెల ఎన్ని రోజులు పనికి వెళ్ళారు? మిమ్మల్ని ఎవరైనా కొట్టడం, కట్టేయడం, గదిలో పెట్టడం జరిగిందా?

అంతే. ఆరో ప్రశ్న మా ఇంట్లోనే ముందు అడిగాను. పీతల సంగతి డాక్టరును అడగమని మొదటిసారి నాకు చెప్పింది కూడా ఈ నోటుబుక్కే. మందు ఇబ్బంది గడిలో మూడు నెలలు వరసగా "చేతులు" అని రాసి ఉంది. ఆ పేజీ తీసుకెళ్ళి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, తమ్ముడి చేతులు పట్టుకుని మణికట్లు వంచి చూశారు. మందు మార్చారు. రెండు నెలలకు సరిపడా ఒకేసారి రాశారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అంతకుముందు మేం ఆయనకు ఈ సంగతి అందించలేదు, ఆయన ముందున్న వరసలో అడిగే తీరిక లేదు.

చట్టం మన చేతికి కొన్ని కొలతలు ఇచ్చింది. 2017 చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక ఆరోగ్య సేవ పొందడం ప్రతి ఒక్కరి హక్కు. అత్యవసర మందుల జాబితాలోని మనసు మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిట్లో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. పేదవాళ్ళకు చికిత్స ఉచితం. ఇవి మనం వెళ్ళి చూసి అవును, కాదు అని చెప్పగలిగే విషయాలు. "ఆ మాత్ర అయిపోయింది" అన్నప్పుడు తేదీ రాసుకోండి. ఏడాదిలో అలాంటి తేదీలు ఎన్నో కూడండి. ఆ అంకెకు ఉన్న బలం మన కోపానికి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మనసు జబ్బు కూడా ఉందని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. సర్టిఫికెట్టు వస్తే పింఛనుకు దారి ఉంటుంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి అది నడుస్తోంది. ఫోను చేసినవాళ్ళు తర్వాత ఏమయ్యారో, దగ్గరి ఆసుపత్రికి చేరారో లేదో కూడా మీ నోటుబుక్కులో రాయండి.

టీచర్లకు ఒక విన్నపం. బడికి వరసగా రాని పిల్లల్లో కొందరు ఇంట్లో మనసు బాగాలేని అమ్మకో నాన్నకో కాపలా ఉంటున్నారు. నా తరగతిలోనే ఒక పాప అలా ఉండేది. నేను ఆరు నెలలు "బద్ధకం" అనుకున్నాను. గైర్హాజరు గుర్తు పెట్టేటప్పుడు ఒక్కసారి ఆ ఇంటిదాకా వెళ్ళండి.

తమ్ముడు ఇప్పుడు పూర్తిగా బాగున్నాడని రాయను. నోటుబుక్కు మొదలుపెట్టాక కూడా ఒకసారి మందు మానాడు. ఆ నెల పేజీ ఖాళీగా ఉంటే, ఎందుకని వెళ్ళి అడిగాను. మేస్త్రీ పిలిస్తే చెరువు పనికి వెళ్ళాడట, మాత్రలు ఇంట్లోనే మర్చిపోయాడట. తీసుకెళ్ళి ఇచ్చాను. ఈసారి తాడు అవసరం రాలేదు. పోయిన నెల పద్నాలుగు రోజులు పీతలకు వెళ్ళాడు. చేతిలో బుట్ట పెట్టుకుని వచ్చి, నేను అడగకముందే "పద్నాలుగు రాయి అక్కా" అన్నాడు.

వచ్చే నెల ఆసుపత్రి రోజు సోమవారం పడింది. నేను సెలవు చీటీ రాసి పెట్టాను. కారణం దగ్గర "స్వంత పని" అని రాసేదాన్ని ఇన్నాళ్ళూ. ఈసారి "తమ్ముడిని మానసిక వైద్యానికి తీసుకెళ్ళుటకు" అని రాశాను.